అబ్బాయి బురిటో – అమ్మగారి బెంగ

తెనాలి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది.

"డాక్టరుగారూ, మా అబ్బాయికి 24 ఏళ్లు. టెక్సాస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. వెళ్లి పధ్నాలుగు నెలలయింది. ఇక్కడ బయలుదేరేనాటికి 66 కిలోలుండేవాడు, ఇప్పుడు 75. మొన్న యూనివర్సిటీ ఆస్పత్రిలో చూస్తే రక్తపోటు 144/92 ఉందన్నారట. ఏం తింటున్నావురా అంటే బురిటో అంటాడు. అదేదో మెక్సికో వాళ్ల తిండట. గది పక్కనే కొట్టు ఉందట, అర్ధరాత్రయినా దొరుకుతుందట. ఆ తిండి మాన్పించమంటారా? వాడేమో అదే ఇంట్లో చేసుకుంటే చవకంటున్నాడు. బి.పి. మాత్రలు ఇక్కడినుంచి పంపితే మంచిదా? మా పక్కింటి వాళ్లమ్మాయి నెలాఖరుకి వెళ్తోంది. పచ్చళ్లు, పొడులు మాత్రం ప్రతి మూడు నెలలకూ పంపిస్తూనే ఉన్నాను."

అమ్మా, ముందు మాత్రల సంగతి. పంపకండి. ఒక్కసారి చూసిన అంకెను పట్టుకుని 24 ఏళ్ల కుర్రవాడికి మాత్ర మొదలుపెట్టడం వైద్యం కాదు. పరుగెత్తుకుంటూ ఆస్పత్రికి వెళ్లినా, అరగంట ముందు కాఫీ తాగినా, పరీక్షల బెంగ ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. రాత్రిళ్లు మేలుకోవడానికి ఈ పిల్లలు తాగే డబ్బా పానీయాలున్నాయి చూశారూ, వాటి వల్లా పెరుగుతుంది. తలనొప్పికని తరచు ఐబూప్రొఫెన్ మింగినా పెరుగుతుంది. అందుచేత మళ్లీ మళ్లీ చూడాలి. ఎలా చూడాలో చివర చెబుతాను.

ఇక బురిటో. ఆ పేరు వినగానే మెక్సికో మీద కోపం తెచ్చుకోకండి. మీ అబ్బాయి తింటున్నది మెక్సికో పల్లెటూరి ఇల్లాలు పొయ్యి మీద వండే భోజనం కాదు. అది అమెరికా కొట్టువాడి భోజనం. తేడా ఎక్కడుందో చూడండి. పెద్ద మైదా రొట్టె ఒక్కటే రమారమి 300 కాలరీలు. ఆ రొట్టె పిండిలోనే ఉప్పుంటుంది. అందులో ఉప్పేసిన అన్నం, ఉప్పేసిన చిక్కుడు గింజలు, ఉప్పేసిన మాంసం, పైన చీజు, పుల్లటి మీగడ. అన్నీ వేసి చుట్టేసరికి 1,000 కాలరీలు దాటేవి ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు లోపు ఉప్పు చాలునంటుంది. అంటే టీ చెంచాడు. ఆ చెంచాడు ఉప్పూ ఒక్క పెద్ద బురిటోలోనే కూర్చుని ఉండవచ్చు. ఆ తర్వాత మీ అబ్బాయి గదికి వచ్చి మీరు పంపిన ఆవకాయతో పెరుగన్నం తింటాడు. కోప్పడకండి గాని, ఆ రక్తపోటులో తెనాలి వాటా కూడా కొంత ఉంది!

20, అంతకు మించి శాఖలున్న హోటళ్లు తమ వంటకాల పక్కన కాలరీలు రాసి తీరాలని అమెరికాలో 2018 నుంచి నిబంధన అమలులో ఉంది. సోడియం ఎంతో అడిగితే ఆ వివరాలు కూడా రాతపూర్వకంగా చూపాలి. అబ్బాయిని ఒక్కసారి అడిగి చూడమనండి. నేను పది ఉత్తరాలు రాసినా కలగని జ్ఞానం ఆ కాగితం చూస్తే కలుగుతుంది.

ఇంట్లో చేసుకుంటే చవక అన్నాడు చూడండి, అది నూటికి నూరుపాళ్లు నిజం. చవకే కాదు, ఆరోగ్యం కూడా. టెక్సాస్ 1836 దాకా మెక్సికోలో భాగమే. అక్కడ ఇండియన్ కొట్టు లేని ఊళ్లుంటాయి గాని మెక్సికన్ సరుకులు దొరకని ఊరు అరుదు. ఆ కొట్లో అడుగుపెడితే మన వాళ్లకు పరాయిచోటులా తోచదు. జీలకర్ర, కొత్తిమీర, ఎండుమిరప, చింతపండు, నిమ్మకాయలు, అచ్చు బెల్లం లాంటి పిలోన్సీయో అన్నీ ఉంటాయి. అసలు మిరపకాయ, టొమాటో, మొక్కజొన్న ఆ అమెరికా ఖండాల నుంచి మన దేశానికి వచ్చినవే కదా! హమైకా అని ఎర్రటి ఎండు రేకులు అమ్ముతారు. అవి ఎర్ర గోంగూర మొక్కవే. కాయ చుట్టూ ఉండే పుల్లని రేకులన్నమాట. వాళ్లు దానితో షర్బత్తు చేసి చక్కెర దండిగా వేస్తారు. చక్కెర లేకుండా కాచి తాగితే రక్తపోటు కొద్దిగా తగ్గుతుందని కొన్ని పరిశీలనల్లో తేలింది. అంతమాత్రాన అది మందుకు బదులు కాదు. కూల్‌డ్రింకుకు బదులుగా మాత్రం భేషుగ్గా పనికొస్తుంది.

అసలు కొనవలసినవి రెండే. ఒకటి ఎండు చిక్కుడు గింజలు, రెండు మొక్కజొన్న పిండి. మిగతావన్నీ నంజుడులోకే.

గింజల్లో పింటో అనే మచ్చల రకం, నల్ల రకం, మన రాజ్మా లాంటి ఎర్ర రకం దొరుకుతాయి. డబ్బాల్లో ఉడికించినవీ అమ్ముతారు, సంచుల్లో ఎండువీ అమ్ముతారు. ఒక పౌను, అంటే 454 గ్రాముల ఎండు గింజలు ఉడికిస్తే సుమారు ఆరు కప్పులవుతాయి. డబ్బాలో నీరు వంపేస్తే మిగిలేది కప్పున్నర. అంటే ఒక పౌను గింజలు నాలుగు డబ్బాల పెట్టన్నమాట. ఆ ఊరి కొట్లో రెండింటి ధరలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే లెక్క తనకే తెలుస్తుంది. పైగా డబ్బా గింజల్లో ఉప్పు బాగా ఉంటుంది. తప్పనిసరై డబ్బాయే వాడిననాడు గింజల్ని జల్లెడలో పోసి కుళాయి కింద బాగా కడిగితే సుమారు 40 శాతం సోడియం పోతుంది. ఇంత చిన్న పనికి అంత ఫలితం ఇచ్చే చిట్కాలు వైద్యంలో ఎక్కువ లేవు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఇది చెప్పడానికే ఈ వారం ఈ ఉత్తరం తీసుకున్నాను. జాగ్రత్తగా చదివి అబ్బాయికి ఫోనులో చదివి వినిపించండి.

మా బంధువుల కుర్రవాడు ఒకడు అక్కడ మరి ముగ్గురితో కలిసి అపార్టుమెంటులో ఉండేవాడు. ఒకనాడు పొద్దున ఎర్ర రాజ్మా గింజల్ని స్లో కుక్కర్‌లో పోసి, మీట నొక్కి నలుగురూ కాలేజీకి పోయారు. అది సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు పాత్ర. సాయంత్రం వచ్చి చూస్తే గింజలు మెత్తబడినట్టే ఉన్నాయి. ఉప్పూ కారం వేసుకుని తిన్నారు. రెండు గంటలు తిరక్కుండానే నలుగురికీ వాంతులు, ఆపైన విరేచనాలు. ఒకరికి నీళ్లందించడానికి మరొకరు లేవలేని పరిస్థితి. అన్నం పాడయిందనుకున్నారు పాపం. గింజల్ని అనుమానించలేదు.

ఈ జాతి గింజల్లో, ముఖ్యంగా ఎర్ర రాజ్మాలో, లెక్టిన్ అనే విషపదార్థం సహజంగానే ఉంటుంది. బాగా తెర్లితే అది నశిస్తుంది. పచ్చివైతే నాలుగైదు గింజలు చాలు మనిషిని మంచమెక్కించడానికి. విచిత్రమేమంటే 80 డిగ్రీల దగ్గర సగం సగం ఉడికితే ఆ విషం పచ్చిగింజలో కన్నా ఎక్కువ కావచ్చు. స్లో కుక్కరు చేసే పని సరిగ్గా అదే. మెత్తబడ్డాయి గనుక ఉడికాయనుకోవడమే పొరపాటు.

కాబట్టి విధానం ఇది. గింజల్ని రాత్రి నానబోయాలి. కనీసం ఐదు గంటలు నానాలి. ఆ నీరు పారబోసి, కడిగి, కొత్త నీరు పోసి పెద్దమంట మీద కళపెళా 30 నిమిషాలు మరిగించాలి. ఆ తర్వాత సన్నమంట మీద ఉంచినా, స్లో కుక్కర్‌లో వేసినా ఫరవాలేదు. మన ప్రెషర్ కుక్కరయితే మరీ మేలు. నానిన గింజలు సగానికి మించకుండా పోసి, కూత వచ్చాక మంట తగ్గించి ఓ పదిహేను నిమిషాలుంచితే చాలు. నొక్కి చూసినప్పుడు లోపల పలుకు తగిలితే మరికాసేపు. ఈ మధ్య పిల్లలు కొంటున్న కరెంటు ప్రెషర్ కుక్కర్లలో ప్రెషర్ మీటా, స్లో కుక్ మీటా పక్కపక్కనే ఉంటున్నాయి. ఏది నొక్కుతున్నాడో చూసుకోమనండి. పింటో గింజల్లో ఈ విషం తక్కువే గాని అవీ అదే జాతివి గనుక పద్ధతి మార్చనక్కరలేదు. డబ్బావి ముందే ఉడికినవి, వాటితో ఈ భయం లేదు.

ఉడికిన గింజలతో రోజుకో కూర చేసుకోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి వేసి పలచగా పులుసులా తాగవచ్చు. లేదా ఒక చెంచా నూనెలో జీలకర్ర చిటపటలాడించి, గింజల్ని అందులో వేసి పప్పుగుత్తితో మెదిపితే అదే వాళ్ల ఫ్రిహోలెస్ రెఫ్రీతోస్. హోటళ్లలో ఇది పందికొవ్వుతో చేయడం పాత ఆచారం. అన్నం కోడిమాంసం ఉడికించిన నీటితో వండేవారూ ఉన్నారు. మాంసం ముట్టని ఇంటి పిల్లలు మాంసం వద్దని చెప్పి ఊరుకుంటే చాలదు, ఈ రెండూ అడగాలి. ఇంట్లో వండుకుంటే ఈ గొడవే లేదు.

మొదట్లో కడుపుబ్బరం చేస్తుంది. నానబెట్టిన నీరు పారబోయడం వల్ల కొంత తగ్గుతుంది. మెక్సికో వాళ్లు ఎపసోతె అనే ఆకు వేస్తారు, మనం ఇంగువ వేసుకుంటాం. మొదటి వారం అరకప్పుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటే పేగులకు అలవాటవుతుంది.

ఇక రొట్టె. వాళ్లు తోర్తీయా అంటారు, టెక్సాస్‌లో టోర్టియా అంటున్నారు. మైదాది కాదు, మొక్కజొన్నది చేసుకోవాలి. కొట్లో అడగవలసిన పిండి పేరు మాసా హరీనా. స్పానిష్‌వారు ఆ 'హ' పలకరు. మామూలు మొక్కజొన్న పిండి తెచ్చి కలిపితే ముద్ద కట్టదు, రొట్టె విరిగిపోతుంది. కారణం తెలుసా? మాసాకు వాడే మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, కడిగి, రుబ్బుతారు. ఆ సున్నం మరేదో కాదు, మనం తమలపాకుకు రాసుకునే సున్నం లాంటిదే. దానివల్ల పొట్టు ఊడుతుంది, పిండికి జిగి వస్తుంది, రొట్టెకు కాల్షియం చేరుతుంది. (ఈ మాట చదివి ఎవరూ ఇంట్లో సున్నపు కాయలు తెచ్చి ప్రయోగాలు చేయకండి. తినడానికి తగిన సున్నం వేరు, గోడల సున్నం వేరు.)

ఇందులో ఇంకో గొప్ప సంగతి ఉంది. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిను ఉన్నా, అది మన శరీరానికి అందని రూపంలో బిగుసుకుని ఉంటుంది. సున్నం ఆ ముడి విప్పుతుంది. మెక్సికో ఆడవాళ్లకు వేల ఏళ్లుగా తెలిసిన ఈ పని, మొక్కజొన్నను తమ దేశాలకు తీసుకుపోయిన ఐరోపావారు నేర్చుకోలేదు. ఫలితంగా ఇటలీలో, స్పెయిన్‌లో, ఆ తర్వాత 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న మీదే బతికే బీదవారికి పెల్లాగ్రా అనే జబ్బు పట్టుకుంది. ఎండ తగిలిన చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతి చలించడం దాని లక్షణాలు. అది అంటువ్యాధి కాదని, తిండిలోని లోపమేనని 1914 నుంచి శ్రమపడి నిరూపించినవాడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే అమెరికా ప్రభుత్వ వైద్యుడు.

మన తెలంగాణలోనూ జొన్నరొట్టె ప్రధానంగా తినే బీదవారిలో ఒకప్పుడు ఈ జబ్బు కనిపించేది. దానిపై హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య పరిశోధన చేసి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్‌కూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని 1960లో ప్రతిపాదించారు. కనుక ఇది ఎక్కడో సముద్రాల అవతలి కథ అనుకోకండి. అన్నం, పప్పు, కూరగాయలు, పాలు అన్నీ తినే మీ అబ్బాయికి పెల్లాగ్రా రాదు, ఆ భయం పెట్టుకోకండి. అయితే ఒకే పైరునుంచి వచ్చిన రెండు పిండ్లలో ఏది ఎందుకు మేలో తెలిసివుండటం మంచిదే కదా.

రెండు కప్పుల మాసాకు కప్పున్నర గోరువెచ్చని నీరు, కాస్త ఉప్పు. మెత్తగా కలిపి తడిబట్ట కప్పి పావుగంట ఉంచితే పదహారు చిన్న రొట్టెలవుతాయి. ఒక్కొక్కటి 50, 60 కాలరీలకు మించదు. జొన్నరొట్టె తట్టడం చూసిన చేతులకు ఇదొక లెక్క కాదు. మన అబ్బాయిలకు ఆ నేర్పు లేదు గనుక ప్లాస్టిక్ సంచీని రెండుగా చీల్చి, ఉండను మధ్యలో పెట్టి బరువైన గిన్నెతో అదిమితే గుండ్రంగా వస్తుంది. వేడి పెనం మీద రెండువైపులా కాల్చాలి. నూనె అక్కరలేదు. కాల్చినవి బట్టలో చుట్టి ఉంచితే మెత్తగా ఉంటాయి. పిండి పగుళ్లిస్తే మరో చెంచా నీరు.

పైకి సల్సా. దాన్ని చూసి పెద్ద వంటకమనుకోకండి, అది మన టొమాటో రోటిపచ్చడికి అన్న. నాలుగు టొమాటోలు, సగం ఉల్లిగడ్డ, రెండు పచ్చిమిరపకాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు పొడి పెనం మీద నల్లమచ్చలు పడేదాకా కాల్చి, కచ్చాపచ్చాగా నూరి, కొత్తిమీర, నిమ్మరసం కలపడమే. వాళ్లకూ రోలుంది. మూడు కాళ్ల నల్లరాతి రోలు, మోల్కహేతె అంటారు. నిమ్మరసం దండిగా పిండితే ఉప్పు తక్కువైనా నాలుకకు తెలియదు. కాబేజీ సన్నగా తరిగి నిమ్మరసం పిండి పైన వేసుకోవాలి. అవకాడో మంచిదే గాని ఖరీదు. చవకగా దొరికిన వారం తినవచ్చు, దొరకని వారం బెంగ అక్కరలేదు.

నాలుగు రొట్టెలు, ఒక కప్పు గింజలు, సల్సా, కాబేజీ. ఇది పూర్తి భోజనం. నూనెతో కలిపి సుమారు 550 కాలరీలు, మాంసకృత్తులు 20 గ్రాములు, పీచు కూడా దాదాపు అంతే. మొక్కజొన్నలో లోపించిన మాంసకృత్తుల భాగాలను గింజలు పూరిస్తాయి, మన పప్పూ అన్నంలాగే. మాంసం, గుడ్డు ముట్టని వారు పాలు, పెరుగు మానకూడదు. బి12 విటమిను ఈ భోజనంలో లేదు.

తీరిక లేదంటాడు, నాకు తెలుసు. ఆదివారం ఒక్కరోజు రెండు పౌన్లు ఉడికించుకుంటే సరి. అయితే గిన్నెతో పొయ్యి మీదే వదిలేసి నిద్రపోకూడదు. రెండు గంటలు దాటకుండా వెడల్పాటి పాత్రల్లో పలచగా పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు నాలుగు రోజులకు సరిపడేది ఫ్రిజ్‌లో, మిగతాది కప్పు కప్పుగా డబ్బాల్లో గడ్డకట్టే అరలో. అన్నం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రాత్రంతా బయట ఉన్న అన్నంలో కొన్ని క్రిములు వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు.

ఇదే సందర్భంలో నెల్లూరు నుంచి ఉత్తరం రాసిన సోదరికి కూడా ఒక మాట. మీ అమ్మాయి నెల తప్పిందని, డల్లాస్‌లో ఉంటుందని, మెక్సికన్ భోజనమే సయిస్తోందని రాశారు. గింజలూ రొట్టెలూ నిక్షేపంలా తినవచ్చు. కాని కేసో ఫ్రెస్కో అని తెల్లగా, పొడిపొడిగా ఉండే జున్ను లాంటి చీజు పైన చల్లుతారు. చల్లగా ఉన్నది గర్భిణి తినకూడదు. 1985లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఆ రకం చీజు వల్ల లిస్టీరియా అనే క్రిమి 142 మందికి సోకింది. అందులో 93 కేసులు గర్భిణులవి, వారి పసిపిల్లలవి. తల్లికి చిన్న జ్వరంలా వచ్చి పోయే ఈ జబ్బు కడుపులో బిడ్డ ప్రాణం తీయగలదు. పొగలు వచ్చేలా వేడిచేసినదైతే తినవచ్చు. లేదా ప్యాశ్చరైజ్ చేసిన పాలు కాచి నిమ్మరసంతో విరిచి, అప్పటికప్పుడు పనీర్ చేసుకుని వేసుకుంటే రుచి దాదాపు అదే. మాసా పిండిలో ఫోలిక్ ఆమ్లం కలపడానికి అమెరికా ప్రభుత్వం 2016లో అనుమతించింది. అందరూ కలపరు గనుక పొట్లం మీద చూసి కొనమనండి. డాక్టరు ఇచ్చిన ఫోలిక్ మాత్ర మాత్రం ఆపకూడదు.

తెనాలి అమ్మగారూ, ఇక మీ అబ్బాయి రక్తపోటు. భుజానికి కట్టే యంత్రం ఒకటి నలుగురూ కలిసి కొనుక్కుంటే భారం కాదు. మణికట్టుకు కట్టేది వద్దు. పట్టీ చేతి లావుకు సరిపోవాలి. కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేల మీద ఆన్చి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి చూడాలి. పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, వారం రోజులు. మొదటిరోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు కట్టమనండి. ఇంట్లో చూసినప్పుడు సగటు 135/85 లేక అంతకు మించి ఉంటే అక్కడి డాక్టరుకే చూపించాలి. ఈ వయసులో మూత్రపిండాలు వగైరా కూడా పరీక్షించవలసి ఉంటుంది. ఎప్పుడయినా 180/120 దాటి, దానితోపాటు తీవ్రమైన తలనొప్పి, గుండెనొప్పి, చూపు మసకబారడం ఉంటే వారం ఆగకూడదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

పక్కింటి అమ్మాయి పెట్టెలో ఈసారి మాత్రలకు బదులు ఇంగువ డబ్బా, ఒక పప్పుగుత్తి పెట్టండి. ఆవకాయ సీసా చిన్నది చాలు. నెల తర్వాత ఆ అంకెలు, బరువు నాకు రాయండి.